నేనున్నానని నేనే చెప్పాలి

1998 జనవరి 25, ఆదివారం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రం, పోర్ట్ డగ్లస్ రేవు. గ్రేట్ బారియర్ రీఫ్‌లో డైవింగ్ చేయించడానికి 26 మంది ప్రయాణికులతో ఒక పడవ బయలుదేరింది. వాళ్లలో టామ్, ఐలీన్ లోనెర్గన్ అనే అమెరికా దంపతులున్నారు. ఇద్దరూ డైవింగ్‌కు కొత్తవాళ్లేం కాదు. మధ్యాహ్నం సెయింట్ క్రిస్పిన్స్ రీఫ్ దగ్గర ఆఖరి డైవ్‌కు దిగారు. పైకి తేలేసరికి పడవ లేదు. మిగతా 24 మందిని తీసుకుని ఒడ్డుకు వెళ్లిపోయింది.

వాళ్లు రాలేదన్న సంగతి రెండు రోజుల దాకా ఎవరికీ తట్టలేదు. పడవలో ఉండిపోయిన సంచి తెరిచి చూస్తే వాళ్ల పర్సులు, కాగితాలు కనిపించాయి. అప్పుడు మొదలైంది గాలింపు. విమానాలు, పడవలు రోజుల తరబడి వెతికాయి. మనుషులు దొరకలేదు. నెలలు గడిచాక, నీటి అడుగున రాసుకోవడానికి డైవర్లు వాడే పలక ఒకటి ఓ మత్స్యకారుడికి దొరికింది. సోమవారం ఉదయం 8 గంటలని సమయం వేసి, తమను వదిలేసి వెళ్లారని, వచ్చి కాపాడమని దాని మీద రాసి ఉంది. అంటే రాత్రంతా నీళ్లలో తేలి, తెల్లారేసరికి ఇద్దరూ బతికే ఉన్నారు. వెతకడానికి అప్పటికింకా ఎవరూ బయలుదేరలేదు.

మరి లెక్కపెట్టలేదా అంటే, పెట్టారు. విచారణలో వినిపించిన ప్రకారం, ఒక పక్క తలలు లెక్కపెడుతుంటే ఇంకో పక్క కొందరు సరదాగా ఈతకని మళ్లీ నీళ్లలోకి దూకారు. పైన ఉన్నవాళ్లు ఇంతమంది, నీళ్లలో ఉన్నవాళ్లు ఇంతమంది, కలిపితే సరిపోయిందనుకున్నారు. కెప్టెన్ మీద నరహత్య కేసు నడిచింది. 1999లో జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. కంపెనీ మాత్రం నిర్లక్ష్యం ఒప్పుకుని జరిమానా కట్టింది.

ఈ ఘటనను చెప్పుకునేటప్పుడు చాలామంది సొరచేపల దగ్గర ఆగిపోతారు. సినిమా కూడా వచ్చింది కదా. నాకు మాత్రం ఆ కూడికే భయం పుట్టిస్తుంది. లెక్క తగ్గినప్పుడు మన బుర్ర మనుషుల్ని వెతకదు, కారణాల్ని వెతుకుతుంది. ఒకరు బాత్రూమ్‌లో ఉన్నారేమో. ఎవరో పైడెక్ మీద పడుకున్నారుగా. ఇందాక ఎర్ర టోపీ ఆయన్ని ఇక్కడే చూశానే. ప్రతి కారణమూ నమ్మదగ్గదే. తగ్గిన అంకెకు ఒక మాట అతికించేస్తాం, ఇంజన్ కదిలిపోతుంది. తగ్గిన లెక్కను మనిషిని కళ్లెదుట నిలబెట్టి పూరించాలి తప్ప మాటతో పూరించకూడదు. పడవ సిబ్బందికి ఈ సంగతి శిక్షణలో నేర్పుతారు. ప్రయాణికులకు ఎవరూ నేర్పరు. ఈ అధ్యాయం ప్రయాణికుల కోసం.

ఒకప్పుడు స్కూబా అంటే నౌకాదళం వాళ్ల పని. ఇప్పుడు హనీమూన్‌కు అండమాన్‌లోని హేవ్‌లాక్ వెళ్లే ప్రతి జంటా నీళ్లలో చేతులూపుతూ వీడియో పెడుతోంది. హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చినా ట్రావెల్ ఏజెంటు దగ్గర పాత పేరే చెల్లుతోంది. మురుడేశ్వర్ నుంచి నేత్రాణి, గోవాలో గ్రాండ్ ఐలాండ్, మాల్వణ్ దగ్గర తార్‌కర్లీ, పుదుచ్చేరి, మన విశాఖలో రుషికొండ: వారాంతం చాలు. అమెరికాలో మనవాళ్లు ఫ్లోరిడాకో కాలిఫోర్నియాకో వెళ్లి సర్టిఫికెట్లు కూడా తీసుకుంటున్నారు. ఖర్చు గురించి, కెమెరా గురించి, చెవుల్లో నొప్పి గురించి అడిగినంతగా పడవ గురించి అడిగేవాళ్లు తక్కువ.

కాలిఫోర్నియా అన్నాను కాబట్టి ఇంకో ఘటన చెప్పాలి. 2004 ఏప్రిల్‌లో లాంగ్ బీచ్ వైపు సముద్రంలో, ఒక చమురు రిగ్ దగ్గర డైవింగ్ జరుగుతోంది. ఒక డైవర్ రిగ్‌కు కాస్త దూరంగా, ప్రవాహం లాక్కెళ్లే వైపు తేలాడు. ఈల ఊదాడు. ఎవరికీ వినపడలేదు. పడవ రెండో చోటికి వెళ్లిపోయింది. ఇక్కడ లెక్క తప్పడం ఒక్కటే కాదు, రిజిస్టర్‌లో అతను వచ్చినట్టు టిక్కు పడింది. అంతకంటే విడ్డూరం, రెండో చోట నీళ్లలోకి దిగినట్టు కూడా టిక్కు పడింది. చివరికి మనిషి లేడని తెలిశాక ఆ రెండో చోటు చుట్టూ వెతకడం మొదలుపెట్టారు. అతను అసలు ఆ దరిదాపుల్లోనే లేడు. పొగమంచులో కొట్టుకుపోతున్న అతన్ని, అటుగా వెళ్తున్న ఒక తెరచాప ఓడలోంచి స్కౌట్ కుర్రాడొకడు చూడబట్టి బతికాడు. తర్వాత కోర్టు పరిహారం ఇప్పించింది.

ఆ టిక్కు ఎలా పడిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన కాలేజీల్లో ప్రాక్సీ వేయనివాళ్లు ఎంతమంది? నంబర్ పిలిస్తే బెంచీ చివర్నించి 'ప్రెజెంట్ సార్' అని ఎవరో ఒకరు పలుకుతారు, సార్ తల ఎత్తరు. పడవలో కూడా అదే గొంతు పలుకుతుంది, కాకపోతే మంచి మనసుతో. ఇన్‌స్ట్రక్టర్ "హైదరాబాద్ గ్రూప్ అంతా వచ్చేశారా?" అని అడుగుతాడు. బాబాయి లైఫ్ జాకెట్ విప్పుకుంటూ "ఆఁ, అందరం ఉన్నాం, పోనీయండి" అంటాడు. బాబాయి వెనక్కి తిరిగి చూడలేదు. పదిహేనుమందితో వచ్చిన కుటుంబంలో ఎవరు ఎక్కడున్నారో పిన్నికి తెలుసనుకున్నాడు. పిన్నికి వాంతులవుతున్నాయి. పిల్లలు సెల్ఫీలలో ఉన్నారు.

కాబట్టి మొదటి అలవాటు: మీ పేరుకు మీరే పలకండి, ఇంకొకరి పేరుకు పలక్కండి. భార్య పేరుకు భర్త, అన్న పేరుకు తమ్ముడు, టీమ్ మొత్తానికి మేనేజరు పలకడం మానేయాలి. పిలిచినవాడు మీ ముఖం చూసేలా చేయెత్తండి. కొన్ని పడవల్లో నంబరు బిళ్లల బోర్డు ఉంటుంది. దిగేటప్పుడు మీ బిళ్ల తీసి, ఎక్కాక తిరిగి తగిలించాలి. చక్కటి పద్ధతి. పక్కవాడిది కూడా పనిలో పనిగా తగిలించేశామా, ఆ బోర్డు ఉన్నా లేనట్టే. లోనెర్గన్ దంపతుల ఘటన తర్వాత క్వీన్స్‌ల్యాండ్‌లో నిబంధనలు బిగించారు. తలల లెక్కతో పాటు ప్రతి డైవ్‌కూ ఎవరు ఎప్పుడు దిగారు, ఎప్పుడు తేలారు అన్నది రాయాలి, తిరిగొచ్చిన డైవర్ తన వివరాలు తానే ధ్రువీకరించాలి. తడి చేతులతో ఆ కాగితం మీద గీకడం చిరాకే. అయినా ఆ చిరాకే మీరు పడవలో ఉన్నారనడానికి రుజువు.

రెండో అలవాటు కష్టమైంది. మొహమాటం వదులుకోవడం. ఈ పుస్తకంలో మొహమాటం గురించి ఆఫీసు సందర్భంలోనూ, అప్పుల సందర్భంలోనూ చెప్పుకోవచ్చు గానీ, నడిసముద్రంలో దాని ఖరీదు వేరు. మీ పక్కన కూర్చున్న పొడుగు జుట్టు కుర్రాడు ఇప్పుడు కనపడటం లేదనుకోండి. మీకు అనుమానం వచ్చింది. అప్పుడు లోపల ఏమనిపిస్తుందో తెలుసా? వాళ్లు రోజూ చేసే పని కదా, మనం చెప్పేదేముంది. అడిగితే నవ్వుతారేమో. అందరూ అలిసిపోయి ఉన్నారు, ఎండ మండిపోతోంది, నావల్ల పడవ ఆగితే తిట్టుకుంటారు. ఈలోగా ఇంజన్ శబ్దం పెరుగుతుంది. ఇక నోరు పెగలదు.

అందుకే ఏమనాలో ముందే నోటికి పట్టించుకోవాలి. సందర్భం వచ్చాక వెతుక్కుంటే మాటలు దొరకవు. అండమాన్‌లో అయితే "భయ్యా, ఏక్ బార్ ఫిర్ సే గిన్ లీజియే" అంటే చాలు. విశాఖలో "అన్నా, ఒక్క నిమిషం ఆపండి, నా పక్కన కూర్చున్నాయన కనపడట్లేదు" అనండి. 'ఎవరో లేరేమో' అంటే ఎవరూ కదలరు. 'నా పక్కన నీలం ఫిన్స్ వేసుకున్నాయన లేడు' అంటే కెప్టెన్ చెయ్యి గేరు మీంచి లేస్తుంది. ఆయన బాత్రూమ్‌లోంచే వచ్చాడనుకోండి, అందరూ నవ్వుతారు, మీరూ నవ్వండి. ఆ నవ్వు పడటానికి సిద్ధంగా ఉన్న ఒక్క మనిషైనా ప్రతి పడవలో ఉండాలి. మంచి సిబ్బంది మిమ్మల్ని విసుక్కోరు. విసుక్కునే సిబ్బంది పడవ ఎలాంటిదో అప్పుడే తెలిసిపోతుంది, రెండో రోజు డబ్బు పోయినా సరే ఇంకో పడవ చూసుకోండి.

మంచి లెక్క ఎలా ఉంటుందో తెలిస్తేనే చెడ్డ లెక్కను పట్టుకోగలం. ఇంజన్ న్యూట్రల్‌లో ఉంటుంది. నీళ్లలో ఎవరూ ఉండరు. లెక్క పూర్తయ్యేదాకా ఎవర్నీ దూకనివ్వరు. ప్రయాణికులు కూర్చుని ఉంటారు. ఇద్దరు వేర్వేరుగా లెక్కపెడతారు, ఇద్దరూ ముగించేదాకా ఒకరి అంకె ఒకరికి చెప్పుకోరు. చెప్పుకుంటే రెండోవాడికి ఆ అంకే వస్తుంది మరి! సిబ్బందిని విడిగా లెక్కిస్తారు, లేకపోతే ఒక డెక్‌హ్యాండ్ తల ఒక ప్రయాణికుడి తలగా చెల్లిపోతుంది. ఆ తర్వాత పేర్లు పిలుస్తారు. అంకె, పేరు రెండూ ఎందుకంటే అంకె ఒక్కోసారి సరిగ్గా సరిపోతూనే అబద్ధం చెబుతుంది. ఒకే రీఫ్ మీద మూడు పడవలు ఆగినప్పుడు నీళ్లలోంచి చూస్తే అన్ని నిచ్చెనలూ ఒకేలా ఉంటాయి. వేరే పడవ డైవర్ ఒకడు మన పడవెక్కి, మనవాడొకడు నీళ్లలో ఉండిపోతే లెక్క చక్కగా కుదురుతుంది. అందుకే ఒకరు ఎక్కువైనా కంగారు పడాల్సిందే: ఇంకో పడవలో ఒకరు తక్కువైనట్టు.

సిలిండర్లు లెక్కపెట్టి సరిపెట్టేవాళ్లున్నారు. సిలిండర్ మనిషి కాదు. పైగా స్నార్కెలింగ్ చేసేవాళ్లకు సిలిండరే ఉండదు. నిజానికి వాళ్లతోనే ఎక్కువ చిక్కు. వాళ్లకు దిగే సమయం, తేలే సమయం అంటూ ఉండవు, దిగుతూ ఎక్కుతూ ఉంటారు. మొదటిసారి ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని 12 మీటర్లలోపు దిగి వచ్చేవాళ్లు నీళ్లలో మిగిలిపోవడం అరుదు, వాళ్ల ప్రమాదం వేరేచోట ఉంది. 2022 మేలో తార్‌కర్లీ దగ్గర స్కూబా ముగించుకుని ఒడ్డుకు వస్తున్న పర్యాటకుల పడవ బోల్తాపడి ఇద్దరు చనిపోయారు. డైవింగ్ అయిపోయింది, ఇంక ఇంటికే అనుకున్న ఆ కాసేపట్లోనే. లైఫ్ జాకెట్ బిగుతుగా ఉందని, ఫొటోలో బాగోదని విప్పేసేది కూడా సరిగ్గా అప్పుడే.

నీళ్లలో మీరు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. దూకేముందు మీ జోడీ ఎవరో, ఆ మనిషి పేరేమిటో తెలుసుకోండి. మాస్క్ పెట్టుకున్నాక ముఖాలన్నీ ఒక్కటే కాబట్టి జాకెట్ రంగు గుర్తుపెట్టుకోండి. పడవ పేరు చదవండి. ఎప్పటికి తేలాలో అడగండి. ప్రవాహం ఒక నాట్ ఉందంటే పెద్దగా ఏమీ అనిపించదు గానీ, గంటకు 1.85 కిలోమీటర్లు, అంటే నిమిషానికి 30 మీటర్ల పైమాటే. ఇంకో చేపను ఫొటో తీద్దామని పది నిమిషాలు ఆగితే పడవకు 300 మీటర్లు అవతల తేలుతారు. అక్కడ మీ తల కొబ్బరికాయంత. పడవ మీద నిలబడ్డవాడికి దిగంతం ఆరు కిలోమీటర్ల దాకా ఉంటుంది గానీ, చిన్న అల ఒకటి లేస్తే మీ తల కనపడదు. మీ కళ్లు నీటికి జానెడు ఎత్తున కూడా ఉండవు కాబట్టి మీకు పడవే కనపడకపోవచ్చు. అందుకే డైవర్లు సాసేజ్ అని పిలుచుకునే పొడవాటి నారింజ రంగు బుడగ, ఒక ఈల, చేతనైతే చిన్న అద్దం, టార్చి మీ జాకెట్‌లోనే ఉండాలి. అద్దెకిచ్చేవాళ్లు ఇవ్వకపోతే కొనుక్కోండి. కెమెరా కేసు ఖరీదులో ఇవెంత?

ఒకవేళ పడవ నిజంగానే వెళ్లిపోతే దాని వెంట ఈదకండి. జాకెట్‌లోకి గాలి నింపండి, సీసం బరువులు వదిలేయండి, వెట్‌సూట్ మాత్రం విప్పకండి, ఒంట్లో వేడిని నిలిపేది అదే. ఇద్దరుంటే ఒకరినొకరు పట్టుకుని ఉండండి. మీకు కనపడిందల్లా పడవే అనుకుని ఊరికే ఈల ఊదితే ఊపిరి వృథా అవుతుంది. ఇంజన్ శబ్దం వినపడినప్పుడు, ఆ దిక్కుగా ఊదండి.

ఇక బయలుదేరేముందు రాసే జాబితా సంగతి. ఇది సముద్రానికే కాదు, నదికీ వర్తిస్తుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలు వెళ్తున్న రాయల్ వశిష్ఠ పున్నమి మునిగినప్పుడు మన ఇళ్లలో టీవీలు చూస్తూ కూర్చున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పడవలో ఎంతమంది ఉన్నారన్న అంకె పూట పూటకూ మారింది. మొదట అరవై పైచిలుకు అన్నారు, ఆ తర్వాత డెబ్బై దాటింది, చివరికి 77 దగ్గర ఆగింది. 26 మంది బయటపడ్డారు, 51 మంది పోయారు. అక్టోబరు 22న ధర్మాడి సత్యం బృందం పడవను పైకి లాగేదాకా కొన్ని కుటుంబాలు ఎదురుచూస్తూనే ఉన్నాయి. ఎంతమంది ఎక్కారో కచ్చితంగా తెలియకపోతే ఎంతమందిని వెతకాలో, వెతకడం ఎప్పుడు ఆపాలో కూడా తెలియదు. అమెరికా కోస్ట్‌గార్డ్ నిబంధనల ప్రకారం చిన్న ప్రయాణికుల పడవ కెప్టెన్ ఎక్కినవాళ్ల, దిగినవాళ్ల లెక్క రాతపూర్వకంగా ఉంచుకోవాలి, బయలుదేరేముందు ఆ లెక్క ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లాలి. రెండో షరతు ముఖ్యమైంది. పడవతో పాటు మునిగిపోయే రిజిస్టర్ ఎవరికి పనికొస్తుంది? కాబట్టి కౌంటర్ దగ్గర 'పేర్లెందుకులే, ఆరుగురం' అని తొందరపెట్టకండి. ఆరు పేర్లూ, వయసులూ, ఒడ్డున ఉన్న ఒకరి ఫోన్ నంబరూ రాయించండి. ఆఖరి నిమిషంలో ఎక్కిన బావమరిది పేరు తప్పకుండా రాయించండి, జాబితాలో లేకుండా పోయేది ఎప్పుడూ ఆయనే.

పడవలోనే రాత్రులు పడుకునే డైవింగ్ యాత్రలకు వెళ్తున్నవాళ్లు ఇంకో ప్రశ్న అడగాలి: రాత్రి మేలుకుని తిరిగే మనిషి ఎవరు? 2019 సెప్టెంబరు 2 తెల్లవారుజామున కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్ దీవి దగ్గర లంగరేసిన కన్సెప్షన్ అనే పడవలో మంటలు రేగాయి. కింది గదిలో నిద్రపోతున్న 34 మంది చనిపోయారు, పైన ఉన్న అయిదుగురు సిబ్బంది బయటపడ్డారు. ఆ రాత్రి గస్తీ ఎవరూ తిరగలేదని విచారణలో తేలింది. కింది గదికి రెండు దారులున్నా రెండూ పైనున్న ఒకే హాల్లోకి తెరుచుకునేవి. కెప్టెన్‌కు 2024లో నాలుగేళ్ల జైలుశిక్ష పడింది. మంచం ఎక్కేముందు రెండో దారి ఎక్కడుందో వెతికి, లైటార్పి ఒకసారి దాని గుండా నడిచి చూడండి. తోటివాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి.

లెక్క తప్పే ఇంకో చోటు ఒడ్డు. తల తిరిగి రెండో డైవ్ మానేసినా, దీవిలో దిగిపోయి స్నేహితుల బండిలో వెళ్లిపోయినా, ఆ మాట రిజిస్టర్ ఎవరి చేతిలో ఉందో ఆ మనిషికే చెప్పండి. పక్కవాడికి చెప్పానులే అనుకోకండి. లేని మనిషి కోసం సముద్రం గాలించే మనుషులు, ఇంకో చోట నిజంగా మునుగుతున్నవాడి దగ్గరకు వెళ్లలేరు. మీ సంచి, చెప్పులు పడవలో మర్చిపోయి రావద్దు. ఎవరివో మిగిలిపోయి కనిపిస్తే మాత్రం 'రేపు వచ్చి తీసుకుంటార్లే' అనకుండా అవి ఎవరివని అక్కడికక్కడే గట్టిగా అడగండి.

బయలుదేరే ముందు ఒడ్డున ఉండే అమ్మకో, హోటల్ రిసెప్షన్‌లోని మనిషికో ఒక మెసేజ్ పెట్టండి. పడవ పేరు, ఎక్కిన రేవు, తిరిగొచ్చే సమయం, డైవింగ్ సెంటర్ నంబరు అందులో ఉండాలి. "మూడింటికి వస్తాం. నాలుగున్నరకి కూడా నేను ఫోన్ చేయకపోతే ఈ నంబరుకు చెయ్యి. వాళ్లెత్తకపోతే కోస్ట్‌గార్డ్‌కు, 1554." అంతే. ఒడ్డెక్కి వేడి టీ చేతిలోకి రాగానే ముందు ఆ ఫోన్ చేసేయండి, ఫొటోలు తర్వాత. నాలుగూ ముప్పై ఒకటికి అమ్మ నిజంగానే 1554 నొక్కుతుంది.